బొటనవేలి బెల్టును నేను

డాక్టర్లు నన్ను స్ప్లింట్ అంటారు. గుంటూరు కొత్తపేట మందుల షాపులో మాత్రం ‘బొటనవేలి బెల్టు’. ఒళ్లంతా మెత్తటి నల్లగుడ్డ, లోపల అల్యూమినియం బద్ద, పైన పరపరమనే వెల్క్రో పట్టీలు. కుక్క బొచ్చుకు అంటుకున్న కాయల్ని చూసి ఆ పట్టీని కనిపెట్టినాయన స్విట్జర్లాండ్ ఇంజనీరు. (మనవాళ్ల పంచెలకు ఉత్తరేణి గింజలు ఎన్నిసార్లు అంటుకోలేదూ! దులుపుకుని పోయారు.) నేను కాపలా కాసే జబ్బుకు పేరిచ్చిన సర్జన్ ఫ్రిట్జ్ డి కెర్వాన్‌ది కూడా ఆ దేశమే. ఆయన దాన్ని వివరించింది 1895లో. అప్పటికే ఇంగ్లీషువాళ్లు దాన్ని బట్టలుతికే ఆడవాళ్ల బెణుకు అనేవారు.

షాపులో నా తోటి బెల్టులు ఎక్కువగా బాలింతల చేతులకే వెళ్లేవి. పసిబిడ్డను ఎత్తి దించి, ఎత్తి దించి తెచ్చుకున్న నొప్పి వాళ్లది. నా వంతుకు ఇంటర్ ఫస్టియర్ కుర్రాడు వచ్చాడు.

డాక్టరుగారు వాడి బొటనవేలిని పిడికిట్లో మూయించి, మణికట్టును చిటికెనవేలి వైపు వంచారట. కెవ్వుమన్నాడట. “ఫోను రోజుకెన్ని గంటలు?” అంటే వాడు రెండన్నాడు, తల్లి ఆరంది.

బొటనవేలిని ఆడించే స్నాయువులు రెండు మణికట్టు దగ్గర ఒకే ఇరుకు గొట్టంలోంచి పోతాయి, లంగా పట్టీలో బొందులాగా. పట్టీ మందమైతే బొందు కదలదు, లాగితే ప్రాణం పోతుంది. నాలుగు వేళ్లు ఫోన్ను మోస్తూ కూర్చుంటే, అరచేయంత తెరను ఈ చివర నుంచి ఆ చివరకు తోసే చాకిరీ అంతా బొటనవేలిదే.

పగలు నాకు మర్యాద బాగానే జరిగేది. నన్ను చూపించి రికార్డులు రాయడం తప్పించుకున్నాడు. అర్ధరాత్రి దుప్పట్లో పరపర. నేను దిండు కిందికి, ఫోను చేతిలోకి. వేలిని కదలనివ్వకపోవడమే నా వైద్యమంతా. తొడుక్కోకపోతే నేనేం చెయ్యను? మూడోవారం నుంచి మాత్రం రాత్రుళ్లు కూడా నన్ను విప్పలేదు. ఎడమచేత్తో నేర్చుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఉతికి దండేనికి ఆరేశారు నన్ను. నాయనమ్మ దించి, అటూ ఇటూ తిప్పి చూసి, తన చేతికి తొడుక్కుంది.

“నాకూ అచ్చం ఇక్కడేరా, వస్తా పోతా ఉంటది.”

వాడు ఫోనులోంచి తలెత్తలేదు. “ఎప్పట్నుంచి?”

“మీ నాన్న పుట్టినకాడ్నుంచి.”