గుడి కిటికీకీ కేటలాగేనా?

మా రోజుల్లో గుడి నేలంతా తాడిపత్రి బండలు. నల్లమాడ ఎండల్లో నడిచొచ్చి ఆ బండ మీద మోకరిస్తే ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు విట్రిఫైడ్ టైల్స్. తళతళా మెరుస్తాయి, నిజమే. సత్ప్రసాదం వరసలో నిలబడాలంటే మా వయసోళ్ళు మాత్రం గోడ పట్టుకోవాల.

ఈ మధ్య కట్టిన ఒక పెద్దగుడి చూసొచ్చినా. ఏ ఊరో చెప్పను, చెబితే మా విచారణ ఫాదర్ నొచ్చుకుంటాడు. ఏసీలు, పీఓపీ సీలింగు, మరియమాత తల వెనక గిర్రున తిరిగే రంగుల లైట్లు, బలిపీఠం వెనక గోడ మొత్తం ఫ్లెక్సీ. సిలువ మార్గం పద్నాలుగు స్థలాలూ ఫైబర్ బొమ్మలే. పిలాతు మొహమూ సీమోను మొహమూ ఒకే అచ్చులో పోసినారు. ఎవరు చేసినారయ్యా అని అడిగితే కమిటీ ఆయన కేటలాగు తీసి చూపించినాడు. బొమ్మ పక్కన ధర ఉంది, చేసినోని పేరు లేదు.

"మాడర్న్ కదా తాతా" అంటాడు మా మనవడు. బెంగళూరులో ఉద్యోగం వానికి.

మాడర్న్ మీద నాకేం పగ లేదబ్బీ. బ్రెజిల్ రాజధాని బ్రసీలియాలో కథోలికుల కెథడ్రల్ ఉంది. ఆస్కార్ నీమేయర్ గీసినాడు, 1970లో తెరిచినారు. 16 కాంక్రీటు స్తంభాలు వంగి వంగి పైకి లేస్తాయి, నడుమంతా అద్దాలే. దేవదూతలు పైకప్పు నుంచి తీగలకు వేలాడుతుంటారు. నీమేయర్ దేవుణ్ణి నమ్మని కమ్యూనిస్టు, అయినా ఆయన చేతే గీయించినారు. అక్కడి సిలువ మార్గం బొమ్మలు వేసింది ఆ దేశపు చిత్రకారుడే, డి కవల్కాంతి. టోక్యోలో 1964లో కెంజో టాంగే కట్టినాడు, ఒంటి నిండా స్టీలు రేకు తొడిగిన గుడి. లివర్‌పూల్‌లో 1967లో తెరిచిన కెథడ్రల్ నెత్తిన గాజు గోపురం రంగులు జాన్ పైపర్, పాట్రిక్ రేంటియెన్స్ అనే ఇద్దరు ఇంగ్లీషోళ్ళవి. ఇవన్నీ మాడర్నే. ఎవరి దేశం గుడిలో వాళ్ళ మనుషులే చెయ్యి పెట్టినారు. మన దగ్గర చెయ్యి పెట్టింది ట్రాన్స్‌పోర్టు లారీ దించిన హమాలీ ఒక్కడే.

రోము వద్దనిందా అంటే అదీ లేదు. 1963 డిసెంబరులో రెండో వాటికన్ మహాసభ చేసిన పూజావిధుల తీర్మానంలోనే ఉంది, అన్ని జాతుల, అన్ని ప్రాంతాల కళకూ గుడిలో చోటివ్వాలని. అంతకుముందు పూజ లాటిన్‌లో, ఫాదర్ వీపు మాకేసి. ఆయనేం చదువుతున్నాడో తెలియక మా అవ్వ జపమాల తిప్పుకుంటా కూర్చునేది. ఆ తర్వాత బలిపీఠం ఇటు తిరిగింది, తెలుగొచ్చింది. 1967లో కర్నూలు మేత్రాసనం ఏర్పడింది, మా అనంతపురం దిక్కంతా దాని కిందికే. 1969లో భారతదేశానికని రోము పన్నెండు మార్పులకు ఒప్పుకుంది. చెప్పులిడిచి కింద కూర్చోవచ్చు, చేతులు జోడించి దండం పెట్టొచ్చు, నూనె దీపం వెలిగించొచ్చు, హారతి ఇయ్యొచ్చు. బెంగళూరులో అమలోర్పవదాస్ ఫాదర్ దానికోసమే ఒక కేంద్రం నడిపినాడు. ఆ ఊరి బయట సిల్వేపురలో జ్యోతి సాహి అనే చిత్రకారుడు ఈ నేల గీతల్లో క్రీస్తును వేస్తానే వచ్చినాడు. ఇదంతా మనకు బస్సు దూరంలో జరిగింది. మా మనవడు ఉండేది బెంగళూరులోనే, వానికి సాహి పేరు తెలీదు.

ఇంకా వెనక్కి పోతే 18వ శతాబ్దంలో పుంగనూరు నుంచి ఈ మెట్ట సీమల దాకా తిరిగిన ఫ్రెంచి జెసూయిట్ పాదిర్లు కావి గుడ్డ కట్టుకుని, మాంసం ముట్టకుండా బతికినారు. దొరల దేశం నుంచి వచ్చినోళ్ళు కావి కట్టినారు, ఇక్కడ పుట్టినోళ్ళం మనం ఫైబరు తెప్పించుకుంటాండాము.

దొరలు కట్టిందంతా గొప్పదని కూడా నేను చెప్పను. మెదక్ కెథడ్రల్ చూడండి. అది సి.ఎస్.ఐ. వాళ్ళది, కథోలికులది కాదు. పోస్నెట్ దొర కరువులో జనానికి పని, కూడు పెట్టి కట్టించినాడు, 1924 క్రిస్మస్‌కు తెరిచినారు. కరువు పనంటే ఏందో నల్లమాడ మనిషికి ఒకరు చెప్పాల్సిన పని లేదు, అందుకే ఆ గుడంటే నాకు గౌరవం. అయితే దాని రంగుటద్దాలు లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ శాలిస్‌బరీవి. రాయి మోసింది మనోళ్ళు, బొమ్మ గీసింది ఆయన. అప్పుడంటే దొరతనం. ఇప్పుడేం అడ్డం?

రంగుటద్దం అంటే ఏంది? వెనక నుంచి వెలుతురు పడితే బతికే బొమ్మ. అట్లాంటిది మన జిల్లాలో లేదా? ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది, తోలుబొమ్మలాట ఆడేవాళ్ళ ఊరు. మేకతోలును వెలుతురు దూరేటంత పల్చగా చేసి, రంగులేసి, నగలు మెరిసేదానికి ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొట్టి, వెనక దీపం పెడతారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చినారు. ఆట చూసేవాళ్ళు తగ్గినాక ఆ తోలుతోనే లాంప్‌షేడ్‌లు చేసి అమ్ముకుంటాండారు. రామాయణం కోసిన చేతులు క్రీస్తు పాటులు కొయ్యలేవా? తోలు వానకు, ఎండకు ఆగదు, నాకూ తెలుసు. గీత వాళ్ళతో గీయించి గాజులోకి ఎక్కించుకోండి. అంచులు కావాలంటే లేపాక్షి వీరభద్రుని గుడి పైకప్పు బొమ్మల్లో చీరల అంచులున్నాయి, పదహారో శతాబ్దపువి. ఎవరి సొమ్మూ కాదవి, చూసి నేర్చుకోవచ్చు.

ఇదే మాట కమిటీ ఆయనతో అంటే, తోలుబొమ్మలు మన మతం కాదు కదా పెద్దాయనా అన్నాడు. మరి ఆ తిరిగే లైట్లు ఏ మతం నాయనా అన్నా. ఆయన ఫోను ఎత్తుకుని బయటికి పోయినాడు. కిటికీలు ఇంకా బిగించలేదంట, కొలతలు అడిగితే మా మనవడు వాట్సాప్‌లో తెప్పించినాడు. నిమ్మలకుంటకు వచ్చే వారం పోతాండా. కమిటీలో నాకు ఓటు లేదు.