చివరి గజం వైరు

మా కె.గంగవరం వచ్చే కరెంటు చాలా ఊళ్లు తిరిగొస్తుంది. సీలేరు నీళ్లలో పుట్టిందో, పరవాడ సింహాద్రి బొగ్గులో పుట్టిందో ఎవరూ చెప్పలేరు. పెద్ద టవర్ల మీద వందల కేవీలతో బయల్దేరి, 132కీ, 33కీ, 11కీ దిగుతూ, చేలగట్ల మీదుగా, రొయ్యల చెరువుల పక్కనుంచి వచ్చి, వీధి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర 230 వోల్టులై ఇంట్లో అడుగుపెడుతుంది. దారి పొడుగునా అల్యూమినియం తీగే. దాని మీద కాకులు వాలతాయి, కొబ్బరి మట్టలు పడతాయి, గాలివానకి నిప్పురవ్వలు రాలతాయి. ఇన్ని అవతారాలెత్తి వచ్చిన కరెంటుని గోడకీ ఆంప్లిఫయరుకీ మధ్యనున్న ఆఖరి గజం దూరంలో సంస్కరించవచ్చని మా బావగారి నమ్మకం.

బావగారిది హైదరాబాదులో ఉద్యోగం. పండక్కి అక్క అరిసెల డబ్బాతో దిగితే, ఆయన వెల్వెట్ గుడ్డలో చుట్టిన కేబుల్‌తో దిగారు. తాచుపాములా నల్లగా, లావుగా, మెలితిరిగి ఉంది. రెండు కొసలా బంగారు పూత. ధర అక్క వంటింట్లోకి వెళ్లాక చెప్పారు. ఆ డబ్బుతో మా ఊళ్లో పాడిగేదె వస్తుంది, దూడతో సహా.

“వంద గంటలు కరెంటు పారితే గాని వైరు మాగదురా అబ్బాయ్. అప్పటికి చూడు, తంబురా గదిలో నిలబడుతుంది” అన్నారు.

నేను లెక్కలు చేసే మనిషిని. ఆంప్లిఫయరు ఆ కరెంటుని ఉన్నదున్నట్టు పాటలో కలపదు. సెకనుకి 50 సార్లు ఊగే ఏసీని లోపలి ట్రాన్స్‌ఫార్మరు దించుతుంది, డయోడ్లు ఒకే దిక్కుకి మళ్లిస్తాయి, కెపాసిటర్లు తొట్టెలో నీళ్లు పట్టినట్టు పట్టి డీసీగా వదులుతాయి. ఇక వైరు సంగతి. మామూలు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీటరుకి సుమారు 12 మిల్లీఓములు అడ్డుపడుతుంది. రానూ పోనూ మూడు మీటర్లు, ఒక ఆంపియరు అనుకుందాం. పోయేది 0.036 వోల్టు. సాయంత్రం చెరువుల మీద ఏరేటర్లు ఒక్కసారి తిరిగితే ఎన్ని వోల్టులు పోతాయో మా స్టెబిలైజరు టకటకలే చెబుతాయి.

ఇదంతా చెబితే బావగారు జాలిగా చూశారు. “లెక్కలు చెవికి వినపడవురా.”

ఈలోగా మైకుసెట్టు అబ్బాయి వచ్చాడు. కోటిపల్లి తీర్థం దగ్గర్నుంచి పెళ్లిపందిళ్ల దాకా ఈ చుట్టుపక్కల గాలిలో ఏ పాట ఉండాలో నిర్ణయించేది అతనే. ప్లగ్గు అనే వస్తువుని అతను వాడగా నేను చూళ్లేదు. వైరు కొస పంటితో పీకి, రాగి పోగులు మెలిపెట్టి, సాకెట్ కన్నాల్లో దోపి, కదలకుండా రెండు అగ్గిపుల్లలు గుచ్చుతాడు. ఏదో ఒకరోజు ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు గాని, ఆ అగ్గిపుల్లల మీదే అతని హారన్లు మూడూళ్లకి వినిపిస్తాయి. కేబుల్ని చేత్తో తూకం వేసి, “ఆయ్, దీంతో మోటారు కూడా ఆడుద్దండి” అని మెచ్చుకున్నాడు. స్పీకర్లో ఉన్న చిన్న గుయ్‌మన్న చప్పుడు విని మాత్రం, “ఎర్తు గుంటలో రెండు బిందెలు నీళ్లు పోయండి” అన్నాడు. పోశాం. గుయ్‌ తగ్గింది. ఆ ఘనత కూడా కేబులే కొట్టేసింది.

రాత్రి అసలు కచేరీ. మన శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణగారి పాట పెట్టారు బావగారు. సోఫాలో కళ్లు మూసుకున్నారు. పల్లవి సగంలో ఉండగా మొహం వెలిగిపోయింది. “విన్నావా! వెనక ఆ నిశ్శబ్దం! మృదంగం మీద వేలి రాపిడి కూడా!”

నిజంగానే వినిపించింది, కాదనను. అయితే నేను కళ్లు తెరుచుకునే ఉన్నాను గనక వీధిదీపం ఆరడం చూశాను. కరెంటు పోయింది, మేం ఇన్వర్టరు మీద ఉన్నాం. పక్కింటి టీవీ సీరియలు, ఎదురింటి మిక్సీ, చెరువుల మీది ఏరేటర్ల హోరు, అన్నీ ఒక్క దెబ్బతో ఆగిపోయాయి. ధ్వని నాణ్యత పెంచడంలో కరెంటు కోతని మించిన పరికరం ఇంకా మార్కెట్లోకి రాలేదు.

ఇలాంటి పరీక్ష 2004లో కాలిఫోర్నియాలోనూ జరిగింది. ఆడియో పిచ్చి బాగా ముదిరినవాళ్లనే కూర్చోబెట్టి, మామూలు వైరు పెట్టారో ఖరీదైన కేబుల్ పెట్టారో చెప్పకుండా పాటలు వినిపించారు. 149 జవాబుల్లో ఒప్పులు 73. పైసా ఎగరేసి బొమ్మా బొరుసూ చూసినా అంతే వచ్చేది.

“వాళ్లకి బాలమురళిని వినిపించి ఉండరు” అన్నారు బావగారు.

పైగా నాకే ఎదురు ఉదాహరణ తీశారు. టోక్యోలో ఎనభై దాటిన ఒక లాయరు, ఇరుగుపొరుగుల కరెంటు తన పాటలో కలవకూడదని ఇంటి దగ్గర సొంత స్తంభం, సొంత ట్రాన్స్‌ఫార్మరు వేయించుకున్నాడట. 2016లో వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసింది. ఖర్చు పదివేల డాలర్లు.

“మా రైతులు ఆ పని ఎప్పుడో చేశారు బావగారూ. చెరువు గట్టు మీద సొంత స్తంభం, సొంత ట్రాన్స్‌ఫార్మరు. ఇంకొకరి మిక్సీ తగలని స్వచ్ఛమైన కరెంటు. అంతా రొయ్యలకే” అన్నాను.

బావగారు నవ్వుతారనుకున్నా. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు ఆలోచించారు.

“ఆ గట్టు మీద మోటారు షెడ్డు ఏదైనా అద్దెకిస్తారేమో రేపు కనుక్కోరా” అన్నారు.