రెండవ కాటా

దోహా నగరమున ఇరువది రెండేండ్లుగా ఒక కంపెనీలో జమాఖర్చులు వ్రాయుచు, ఒకడు వేసిన లెక్కను మరియొకడు సరిచూచినగాని సంతకము పెట్టరాదను నియమమును క్రొత్తగా వచ్చిన ప్రతి గుమాస్తాకు బోధించుచు పొట్ట పోసికొనుచున్న నేను, నా గుండెకాయ లెక్క వచ్చునప్పటికి ఆ నియమమును గాలికి వదలి, చూపిన చోటనెల్ల సంతకము చేయుటకు కలము తీసితినని చెప్పికొనుటకు సిగ్గగుచున్నది.

సెలవుపై స్వదేశమునకు బయలుదేరనున్న వారమున నాకు ఎడమ రొమ్మున కలుక్కుమన్నది. గల్ఫు దేశమున ఒంటి సంపాదనపై సంసారము నీదుచున్న వానికి అట్టి క్షణమున ముందుగా స్మరణకు వచ్చునది భగవంతుడు కాదు, విజయవాడలో ఇంకను తీరని అపార్టుమెంటు వాయిదాలు. మరునాడే ఒక ప్రైవేటు ఆసుపత్రికి పరుగెత్తితిని. అది చాలదన్నట్లు, వారు నన్ను కదలెడు పట్టాపై నిలిపి, మూడేసి నిమిషములకొకసారి వేగమును వాలును పెంచుచు మరల పరుగెత్తించిరి. ఎంత పరుగెత్తినను ఉన్నచోటనే ఉండుట ఇరువది రెండేండ్ల అభ్యాసము గనుక నాకది వింతగా తోచలేదు. తుదకు కాగితము చూచి, "పాజిటివ్" అనిరి. నేను సంతోషించి కృతజ్ఞతలు గూడ చెప్పితిని. వైద్యశాస్త్రమున పాజిటివనగా కీడనియు, నెగటివనగా మేలనియు నాకు బోధపడుటకు మరి రెండు నిమిషములు పట్టెను.

"యాంజియోగ్రామ్ చేయాలి. మణికట్టు దగ్గర చిన్న రంధ్రం చేసి, సన్నని గొట్టం గుండె దాకా పంపి, రంగు మందు ఎక్కించి ఫిల్మ్ తీస్తాం. ఎల్లుండి ఖాళీ ఉంది. ఎలాగూ ఇన్సూరెన్స్ ఉందిగా!"

ఈ కడపటి వాక్యముతో నా సందేహములన్నియు పటాపంచలయ్యెను. ఇన్సూరెన్సు గలవాడు రోగము లేకయుండుట దుబారా యను విశ్వాసమొకటి ఉద్యోగస్థులమైన మాలో గూఢముగా నున్నది. కలము మూత తీసితిని. మా శ్రీమతి ఆ మూతను మరల పెట్టి, నన్ను వసారాలోనికి తీసికొనిపోయెను.

"ఏవండీ, గోల్డ్ సూక్‌లో గొలుసు కొనడానికి ఏడు కొట్లు తిరిగానని మీరే అందరికీ చెప్పి నవ్విస్తారు కదా! రెండు కాసుల గొలుసుకే ఏడు కొట్లు చూసినదాన్ని, నా మంగళసూత్రానికి రెండో కొట్టయినా చూడొద్దా?"

ఈ తర్కమునకు ప్రత్యుత్తరము గౌతమ మహర్షి న్యాయసూత్రములలో గూడ దొరకదు.

రెండవ అభిప్రాయమును కోరుచున్నాననగానే, ఆ శుక్రవారము మన్సూరాలో మిత్రుని యింట పెసరట్ల పళ్లెముల నడుమ నాకు పదునేడు లభించెను. ఒకరు వెల్లుల్లి యనిరి, ఒకరు రెండు స్టెంట్లనిరి, ఒకరు వాస్తు యనిరి. విజయవాడలో కాలము మాకంటె రెండున్నర గంటలు ముందు గనుక మా బావమరిది యభిప్రాయము నేనడుగక మునుపే సిద్ధముగా నుండెను: "బావా, అక్కడ ముట్టుకోనివ్వకు. ఇక్కడ ప్యాకేజీ ఉంది, మోకాళ్లు కూడా చూస్తారు!"

ఆ రాత్రి నిద్ర పట్టక, ఈ గొట్టపు విద్య ఎచ్చట పుట్టెనాయని వెదకితిని. 1929లో జర్మనీయందు వెర్నర్ ఫోర్స్‌మన్ అను యువ వైద్యుడు, పెద్ద వైద్యుడు కూడదన్నను వినక, పరికరములిచ్చిన నర్సును ఆమెకే ప్రయోగము చేయుదునని నమ్మించి బల్లకు కట్టివైచి, తన చేతి నరమునుండియే అరువదియైదు సెంటీమీటర్ల గొట్టమును గుండెవైపు త్రోసికొని, తన కాళ్లతోనే ఎక్స్‌రే గదికి నడచిపోయెనట. 1956లో ఆయనకు నోబెల్ బహుమానములో పాలు దక్కెను. రెండవ అభిప్రాయమును లక్ష్యపెట్టనివారు నోబెల్ పొందవచ్చును గాని, నేను దానికి దరఖాస్తు పెట్టలేదు.

ఆరోగ్య కేంద్రమున హెల్త్ కార్డు చూపి, కుటుంబ వైద్యుని చీటీతో హమద్ ఆసుపత్రికి పోవుట రాజమార్గమే గాని, నా విమానము నాకొరకు ఆగదు గనుక వేరొక గుండె వైద్యుని దర్శించితిమి. వృద్ధుడైన ఆ మలయాళీ నా కాగితములను ప్రక్కకు నెట్టి, మెట్లెక్కునప్పుడు నొప్పి వచ్చునా, కూర్చున్న తగ్గునా యని హిందీలో నడిగెను. రెండును కావు, పక్క తిరిగినప్పుడు వచ్చుననగా, రొమ్మెముక ప్రక్కన వ్రేలితో నొక్కెను. "అమ్మా!" అని కేక వైచితిని.

"ఈమధ్య బరువులేమైనా ఎత్తారా?"

నేను మిన్నకుంటిని. శ్రీమతి మిన్నకుండలేదు. పాలపొడి, టాంగ్ డబ్బాలు, ఖర్జూరములు, రెండు కంబళ్లు కుక్కిన పెట్టెను, ముప్పది కిలోలు మించెనేమోయని స్నానపు గదిలోని కాటాపైకి నేను పదునొకండు మారులు ఎత్తి దింపిన చరిత్రను ఆమె సవిస్తరముగా వినిపించెను.

వైద్యుడు నవ్వెను గాని కాగితమును పారవేయలేదు. ట్రెడ్‌మిల్ ఉన్న రోగమును పట్టగలదు, లేని రోగమును గూడ చూపగలదు. కావున చేతి నరమున రంగు మందిచ్చి సీటీ స్కానుతో గుండె నాళములను చూతమనెను. చూచిరి. అడ్డంకులేవియు లేవు. కార్నిష్ వెంబడి దినము నడువుమని మాత్రము శాసించిరి.

మొదటి వైద్యుని నిందింపజాలను. ఆయన పెట్టె సంగతి యడుగలేదు, నేను చెప్పలేదు. ఒక పద్దును దాచి, మొత్తము తప్పెనని ఆడిటరును తిట్టుట న్యాయము కాదు. చెమటలు పట్టి, నొప్పి చేతికిని దవడకును ప్రాకునప్పుడు రెండవ కొట్టు వెదకువాడు మూర్ఖుడు. దోహాలోనైతే వాడు 999కి ఫోను చేయవలెను. తీరిక గలవాడు మాత్రము, "దీనిలో ఏది తేలితే నా చికిత్స మారును?" అని యొక్క ప్రశ్న వేసి మరీ చేయి చాపవలెను. 5,179 మంది రోగులను పరిశీలించి 2020లో ప్రకటించిన ఇస్కీమియా అధ్యయనమున, గుండె నాళములలో రోగమున్నను నిలకడగా నున్నవారికి, ముందే గొట్టము పంపినను, మందులతో మొదలిడినను, మూడేండ్లకు పైబడి చూడగా మరణములలో చెప్పదగిన భేదము కానరాలేదట. ఇట్టి నిలకడ గలవారికి ప్రశ్న వేయునంత వ్యవధి గుండెయే యిచ్చుచున్నదన్నమాట.

విమానాశ్రయమున పెట్టెను కాటాపై నుంచితిని. 31.6 కిలోలు. కొంత తీసివేయుమని గుమాస్తా యనెను. నేను విధేయుడనై వంగి తాళము తీయబోవుచుండగా, శ్రీమతి నా భుజముపై చేయి వైచెను.

"ఆగండి. ముందు ఆ పక్క కాటా మీద చూద్దాం."

చూచితిమి. 31.6 కిలోలు. ఒక టాంగ్ డబ్బాను చేత బట్టుకొని, మేమిరువురమును మిక్కిలి తృప్తితో విమానమెక్కితిమి.