రాజావారు జరగాలి!

సెలవులొచ్చాయని హైదరాబాదు జంట ఒకటి కారేసుకుని, పాత జమీందారీ లోగిలి చూడ్డానికి కోనసీమ బయల్దేరింది.

సిద్ధాంతం వంతెన కింద వశిష్ఠ నిండుగా పారుతోంది. ఇద్దరూ మ్యాపులో నీలిచుక్క కదులుతోందో లేదో చూసుకున్నారు.

ఆత్రేయపురం కూతవేటు దూరమే. పూతరేకులు మాత్రం ఆన్‌లైన్లో బుక్ చేశారు. తిరిగెళ్లేసరికి ఇంటికొచ్చేస్తాయట!

కొత్తపేట దాటాక అటూ కొబ్బరే, ఇటూ కొబ్బరే. ‘అన్నీ ఒకేలా ఉన్నాయేంటి?’ అని ఆయన విసుగు. నిజమే, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర వెరైటీ సంగతి బొత్తిగా పట్టించుకోలేదు.

మొత్తానికి లోగిలి చేరారు.

1948 చట్టంతో జమీందారీలు పోయాయన్నది ఎవరండీ? గుమ్మంలో కుర్రాడు శిస్తు వసూలు చేస్తున్నాడు. ఫొటోకి ఒక రేటు, వీడియోకి ఒకటి, డ్రోను లేస్తే ఇంకొకటి. బకాయిలుండవు, ఫోన్‌పే.

మండువాలో ఆయనగారు పట్టుపంచె సవరించుకున్నారు. అద్దెది. ఆవిడ జడలో మల్లెలు. ప్లాస్టిక్‌వి.

అరుగు మీద పడక్కుర్చీలో అసలు ఇంటాయన.

‘తాతగారూ, ఫ్రేములోకి వస్తున్నారు, కాస్త జరుగుతారా?’

‘జరుగుతానండి, ఆయ్! మా పిల్లలందరూ అలా జరిగీ జరిగే మీ కూకట్‌పల్లి చేరారండి. నేనూ, మా ఆవిడా మిగిలామండి. ఇంకెంతవరకు జరగమంటారు?’

‘అబ్బ, డైలాగ్ అదిరింది! రికార్డింగ్ ఆన్‌లో లేదు తాతగారూ, ఇంకోసారి చెప్పరూ?’