స్వారిసూత్రమునకు టీకా తాత్పర్యములు

మూలము: నీ స్వారి నీవు చేయుము.

అవతారిక: అమెరికాలోని సియెర్రా నెవాడా పర్వతములలో 1955 నుండి నడచుచున్న టెవిస్ కప్ అను నూఱు మైళ్ల స్వారియందును, అటువంటి తక్కిన దీర్ఘయాత్రలయందును, రౌతులు ఒండొరులకు ఉపదేశించుకొను మహావాక్య మిది. తాహో సరస్సునకు ఉత్తరమున బయలుదేఱి 24 గంటలలోపల ఆబర్న్ పట్టణమును చేరవలసిన యా బాటలో, ఒక్క గుఱ్ఱమునకు మాత్రమే యెడమిచ్చు ఇఱుకుదారులయందు, వెనుకనుండి వచ్చువాడు తన గుఱ్ఱపు ముట్టెను ముందటి గుఱ్ఱపు తోకలో దూర్చి, “నా వేగము నాది” యని యీ వాక్యమునే ప్రమాణముగా చూపుచుండుటచేత వ్యాఖ్యానము అవసరమైనది.

ప్రతిపదార్థము: సులభము. విడువబడినది.

టీక: స్వారి యెవరిదో సూత్రకారుడు చెప్పినాడు గాని వేగ మెవరిదో చెప్పలేదు. రౌతుదని పూర్వపక్షము; గుఱ్ఱముదని సిద్ధాంతము. ప్రమాణ మేమన, నడుమ నడుమ పశువైద్యు లుండు మజిలీలలో, గుఱ్ఱపు గుండె సాధారణముగా నిమిషమునకు 60 లేక 64 సారులకు మించి కొట్టుకొననంతగా శాంతించినగాని విశ్రాంతికాలపు లెక్క మొదలు కాదు. కావున పదిమందిని త్రోసికొని ముందు వచ్చిన మహావీరుడు రొప్పుచున్న గుఱ్ఱముపై నీళ్లు చల్లుచు నిలిచియుండగా, మెల్లగా వచ్చినవాడు అతనికంటె ముందుగా లెక్క కెక్కుట కలదు.

ఇచ్చట మహాభారతములోని నలోపాఖ్యానము స్మరణీయము. అయోధ్యనుండి విదర్భకు ఒక్క దినమున నూఱు యోజనములు! (మైళ్లకును యోజనములకును గల భేదము వ్యాఖ్యాత పట్టించుకొనదగినది కాదు.) అయోధ్యరాజగు ఋతుపర్ణుని సాలలో, బాహుకుడను మాఱుపేరుతో సారథియైయున్న నలుడు ఏరినవి బక్కగుఱ్ఱములు, రాజు శంకించెను. సింధుదేశమున పుట్టి, వెడల్పైన ముక్కుపుటములు గల యా సన్నని వానినే యేరుటలోని మర్మము, నేడు తేలికపాటి అరబ్బీ గుఱ్ఱములకే పెద్దపీట వేయు దీర్ఘయాత్రికులకు వేఱుగ చెప్ప నక్కఱలేదు. ఉత్తరీయము జాఱినది, రథము నాపుమని రాజనగా, అది యప్పుడే యోజనము వెనుకబడినదని బాహుకుడు పలికిన పలుకు లోకప్రసిద్ధము. అయితే రాజుగారి వస్త్రమునకు ఆగని యా సారథియే, తాండ్రచెట్టు ఆకులను, కాయలను రాజు చూపుతోనే లెక్కించి చెప్పగానే రథము దిగి, చెట్టును పడగొట్టి లెక్క సరిచూచుకొందునని పట్టుపట్టెను. తొందరయైనచో తోడి సారథి వార్ష్ణేయుని తోడ్కొని పొమ్మనెను! దమయంతి స్వయంవరపు వేళ మించుచున్నదని తహతహలాడు దొరను నడిబాటలో నిలిపి కాయలెంచుట! విద్వాంసుల తీరే యంత. ఈ వ్యాఖ్యాతకు అందులో ఆక్షేపణ లేదు. ఆ యెన్నికవలననే కదా అక్షహృదయమను పాచికలవిద్య నలునికి లభించుట, కలిపురుషుడు నలుని దేహమును వీడి యా చెట్టున దూఱుట, పాప మేమియు నెఱుగని తాండ్రకు అపకీర్తి గలుగుట.

ఇంతకును ప్రకృతము బాటలోని నీటితొట్టి. గుఱ్ఱము మందలో బ్రదుకు జంతువు. తోడి గుఱ్ఱము కదలుట చూచినచో, దప్పికతో నున్నదైనను, తల యెత్తి దానివెంట పోజూచును. కావున అన్ని గుఱ్ఱములును త్రాగుదాక ఆగుట, దాటవలసినచో కేకవేసి అనుమతి పొంది నడకతో దాటుట, తన్నెడు గుఱ్ఱపు తోకకు ఎఱ్ఱపట్టీ కట్టుట, అది చూచినవాడు ఎడముగా నుండుట సదాచారములు. వేసవి యెండలో లోయలు దిగి యెక్కి వచ్చిన మూగజీవము మూతి యింకను నీట ముంచకమున్నే, తన గుఱ్ఱమును దౌడు తీయించి దానిని బెదరగొట్టినవాడు ఏ మహావాక్యము పలికిన నేమి? నీరు చాలని గుఱ్ఱమునకు కడుపుశూల రావచ్చును. ఆ బాధ పడునది వాక్యము పలికినవాడు కాదు, గుఱ్ఱము. దీనికి అలంకారశాస్త్రమున సమాధానము లేదు.

తాత్పర్యము: స్వవేగము తన్ను తాను నిగ్రహించుకొనుటకే గాని పరులను తఱుముటకు పట్టా కాదు. పూర్తి చేయుటయే గెలుపని 1972లో ఏర్పడిన అమెరికా దీర్ఘస్వారి సంఘము చాటుచున్నది. టెవిస్‌లో ముందు చేరిన పది గుఱ్ఱములలో మిక్కిలి చక్కని స్థితిలో నున్నదానికి హాగిన్ కప్ అను వేఱొక బహుమానము కలదు. విదర్భ చేరిన నలుడు సయితము మొదట తన భార్య దమయంతికొఱకు పరుగిడలేదు. గుఱ్ఱములను విప్పి, శాస్త్రప్రకారము సేవచేసి, ఊఱడించి, ఆ తరువాతనే కూర్చుండెను. అంతటి సారథి యెవడైన నున్నచో వేగమునుగూర్చి ఉపదేశించుగాక. తక్కినవారు తొట్టికడ ఆగవలెను.