వెంకటేశ్వర్లు ఒక్కడేనా?

మా చిత్తూరు వైపు పెళ్లి పిలుపుల జాబితాలో డూప్లికేట్లు ఏరెయ్యడం ఏ కంప్యూటరు పుస్తకమూ నేర్పని విద్య. మరదలి పెళ్లికని మా మామ నోటుపుస్తకాల్లోని పేర్లన్నీ నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, "ఒకే పేరు రెండు తూర్లుంటే తీసెయ్ రా అబ్బయా, పత్రికలు దండగ" అన్నాడు.

పైథాన్‌లో ఇది ఒక్క వరుస పని. జాబితాను సెట్‌లో పడేస్తే ఒకేలాంటివన్నీ ఒకటైపోతాయి. అయితే సెట్‌కు వరుస పట్టింపు లేదు, మామకు ఉంది. మొదటి పత్రిక తిరుమల స్వామికి పోవాలి. ఆయన పేరు షామియానా వాడి కింద తేలితే ఇంకేమైనా ఉందా? అందుకని డిక్షనరీ వాడాలి. పైథాన్ 3.7 నుంచి అది చేర్చిన క్రమాన్ని తప్పకుండా నిలుపుతుంది. ముందొచ్చిన పేరును ఉంచి, మళ్లీ వస్తే పట్టించుకోదు.

ముందొచ్చింది స్వామి. మామ ఆయన్ను కూడా చనువుగా 'వెంకటేశ్వర్లు, కొండమీద' అని రాసుకున్నాడు. పేరు ఒక్కటే చూసి ఏరితే పుత్తూరు వెంకటేశ్వర్లు, చంద్రగిరి వెంకటేశ్వర్లు, పలమనేరు వెంకటేశ్వర్లు అందరూ ఆయనలో ఐక్యమైపోతారు. ఇంత సులభంగా మోక్షం ఏ తపస్సుకూ దొరకదు.

మునిరత్నాలది ఇంకో తంటా. తమిళ గాలి తగిలే నగరి వైపు మునిరత్నం ఒకచోట మునిరత్తినం అవుతాడు, ఇంకోచోట తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని ముందు తగిలించుకుంటాడు. మనిషి ఒక్కడే, కంప్యూటరుకు ముగ్గురు. దాని తప్పేం లేదు. ఏది చూసి ఇద్దరూ ఒకటే అనుకోవాలో మనం చెప్పకపోతే, లోపలి వివరాలన్నీ కలిసినా, మనిషికొకటిగా మనం తయారుచేసుకున్న రెండు ఆబ్జెక్టులను అది వేరుగానే లెక్కేస్తుంది. జావాలోనూ అంతే. ఇద్దరినీ పోల్చే ఈక్వల్స్ రాసి, దానికి జోడీగా ఉండాల్సిన హ్యాష్‌కోడ్ రాయకపోతే అక్కడి సెట్ అయిన హ్యాష్‌సెట్ ఇద్దరినీ లోపలికి రానిస్తుంది.

ఫోన్ నంబరు చూద్దామంటే ఇంటిల్లిపాదికీ ఒకే నంబరు చెప్పే అత్తలున్నారు, రెండు సిమ్ములున్న బావలున్నారు. ఆధార్ వాళ్లయితే పది వేళ్లూ రెండు కనుపాపలూ పోల్చి తేలుస్తారు. బొట్టు పెట్టి పిలవబోయి వేలిముద్ర అడిగితే ఆ ఇంటి గడప మళ్లీ తొక్కగలమా?

విష్ణు సహస్రనామంలో కూడా శ్రీనివాసుడు రెండుసార్లు వస్తాడు, పద్మనాభుడు మూడుసార్లు. అర్థం వేరు కాబట్టి పునరుక్తి దోషం లేదని శంకరుల భాష్యం. మామ భాష్యమూ అదే, సంస్కృతం లేదంతే: "పేరొకటైతే మనిషొకడేనా? వాడు మనకు పాలు పోసే శ్రీనివాసులు, వీడు మనకు బాకీ ఉండే శ్రీనివాసులు. ఇద్దరికీ ఇయ్యాల."

మామ మాటే రైటు. రెండు పత్రికలు అందినవాడు నవ్వుకుంటాడు. ఒక్కటీ అందనివాడు మనవడి పెళ్లికి కూడా రాడు. అందుకే అనుమానం వచ్చిన పేర్లన్నీ జాబితాలో ఉంచేశాను. మీ ఇంటికి మా పత్రిక రెండుసార్లు వస్తే ఏమీ అనుకోకండి. చదివింపులు ఒక్కసారికే, భోజనం మాత్రం మీ ఇష్టం.