మొగుడికి మూడో నెల

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికి నెల తప్పిందో తెలుసుకోవాలంటే ఆడవాళ్ళ వంక చూడక్కర్లేదు, మొగుళ్ళని చూస్తే చాలు. నిన్నటిదాకా రెండేసి మెట్లు దూకుతూ దిగినవాడు ఇవాళ రెయిలింగు పట్టుకుని ఆచితూచి దిగుతుంటాడు. వాచ్‌మన్‌ని ఆపి "నీకెంతమంది పిల్లలు?" అని ఆరా తీస్తాడు. ఎదురొచ్చిన ప్రతివాళ్ళతోనూ ఏదో చెప్పబోయి, గుటక మింగి, "ఎండలు బాగా ముదిరాయి కదండీ" అంటాడు. మూడో నెల వెళ్ళేదాకా బయటికి పొక్కనివ్వొద్దని పెద్దవాళ్ళు గట్టిగా చెప్పారు మరి. అతను ఎవరికీ చెప్పడు. అందరికీ తెలిసిపోతుంది, అంతే.

కూకట్‌పల్లి, మియాపూరు, గచ్చిబౌలి వైపు ఈ రకం మొగుళ్ళు విరివిగా కనిపిస్తారు. మా మూడో అంతస్తు కుర్రాడు వాళ్ళలో మేలిరకం. తలనొప్పి వచ్చినా ఎక్సెల్ షీటు తెరిచే మనిషి. కిట్ మీద రెండో గీత కనిపించిన పొద్దున, ఏడవాలో నవ్వాలో భార్య తేల్చుకునేలోపే షీటు తెరిచి కూర్చున్నాడు. ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కేసి పురిటి తేదీ తేల్చాడు. వెనక్కి లెక్కేసుకునేసరికి మొహం పాలిపోయింది. ఆ లెక్కలో మొదటి పదిరోజులూ తను బెంగళూరు ఆఫీసులో ఉన్నాడు!

రెండు రాత్రులు నిద్రపట్టక, చివరికి డాక్టరమ్మ దగ్గర గొంతు తగ్గించి అడిగేశాడు. ఆవిడ నవ్వాపుకుని, "కడుపు ఏ రోజు నిలిచిందో ఎవరికీ కచ్చితంగా తెలీదు నాయనా. అందుకని ఆఖరి నెలసరి నుంచే లెక్కపెడతాం. ఆ లెక్కలో మొదటి రెండు వారాలు లోపల ఎవరూ ఉండరు" అని చెప్పింది. అతనికి ప్రాణం లేచొచ్చింది. పక్కన కూర్చున్న భార్య మాత్రం అతని వంక ఒక చూపు చూసింది. ఆ చూపు రాసుకోవడానికి షీటులో గడి లేదు.

ఇక ఫ్రిజ్ తలుపు మీద నిషేధాల పట్టిక వెలిసింది. బొప్పాయి వద్దు, అనాస వద్దు, నువ్వులు వద్దు. ఒళ్ళో లాప్‌టాప్ వద్దు. మైక్రోవేవ్ వంటగదిలోనే వద్దు. రాత్రి తొమ్మిది దాటితే వైఫై వద్దు. గోడకి ఇవతల మా వైఫై కూడా ఆపుతారా అని ఒకరోజు తలుపు తట్టాడు. ఆటో ఎక్కితే వెనకసీట్లోంచి ముందుకి వంగి "బ్రేకర్ బాబూ, బ్రేకర్!" అని అరిచేవాడు. ఆ అరుపుకి అదిరిపడి డ్రైవరు నిజంగా ఉన్న బ్రేకర్‌ని చూసుకోకుండా ఎగిరించాడు.

పట్టికలో నిజం బొత్తిగా లేదనను. పచ్చి బొప్పాయిలో పాలుంటాయి కాబట్టి దాన్ని మానెయ్యడమే మంచిది. బాగా మాగిన పండుకి ఆ దోషం లేదు. కాఫీ కూడా అంతే. రోజు మొత్తమ్మీద కెఫీన్ 200 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకుంటే చాలంటారు. ఇతను కాఫీ పొడి డబ్బానే పై అటక ఎక్కించాడు. అలవాటైన కాఫీ లేక ఆ అమ్మాయికి తలనొప్పి పట్టుకుంది. ఆ తలనొప్పికి కారణమేమిటో ఇతను అర్ధరాత్రి దాకా ఇంటర్నెట్లో వెతికాడు.

అన్నిటికన్నా పెద్ద ఉపద్రవం ఫోనులోని యాప్. బిడ్డ ఏ వారానికి ఎంత పెరిగిందో అది తినే వస్తువులతో పోల్చి చెబుతుంది. నాలుగో వారం గసగసాల గింజ. ఆరో వారం పప్పు గింజ. ఆ వారమంతా ఇంట్లో పప్పు వండనివ్వలేదు. "ఏవండీ, ముద్దపప్పూ అన్నం ఒక్కటే నాకు సయిస్తోంది" అని ఆవిడ మొత్తుకుంటే, "నీకెలా తినబుద్ధేస్తోంది?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఏడో వారం బ్లూబెర్రీ వచ్చింది. తెనాలి నుంచి అత్తగారు ఫోన్ చేసి "అదేం కాయ బాబూ? నేరేడుపండులా ఉంటుందా?" అనడిగారు. సూపర్‌మార్కెట్‌కి పరిగెత్తి ఓ డబ్బా కొనుక్కొచ్చి, వీడియో కాల్‌లో ఒక పండు తీసి చూపించాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని దానికి దిష్టి తీశారు.

మొదటి స్కాన్‌కి ఇతనూ లోపలికి వెళ్ళాడు. తెరమీద ఒక తెల్లటి చుక్క టపటపా కొట్టుకుంటోంది. ఆ చూడ్డం చూడ్డం గొంతు పూడుకుపోయి, "డాక్టర్ గారూ, ఎవరి పోలిక?" అన్నాడు. స్కాన్ చేస్తున్నాయన మాట్లాడకుండా గోడమీద బోర్డు చూపించాడు. లింగ నిర్ధారణ నేరమంటూ, 1994 చట్టం పేరు చెప్పి ప్రతి స్కానింగ్ సెంటర్‌లోనూ వేలాడే బోర్డు. "అయ్యో, నేనడిగింది ముక్కు సంగతండీ!" అని ఇతను లబలబలాడాడు.

ఆ తర్వాత డాక్టరమ్మ గదిలో జరిగింది ఆ అమ్మాయే మా ఇంట్లో కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వుతూ చెప్పింది. నర్సు ఆమెకి బీపీ చూసింది. 110/70. ఇతని వాలకం చూసి అనుమానమొచ్చి ఇతనికీ పట్టీ చుట్టింది. 150/96. "ఇద్దర్లో పేషెంటెవరమ్మా?" అంది నర్సు.

డాక్టరమ్మ ఇతని ఫైలు మూసి పక్కన పెట్టింది. "మొదటి మూడు నెలలకీ కావలసినవి కొన్నే. రాసుకో. రోజూ ఫోలిక్ యాసిడ్, కనీసం 400 మైక్రోగ్రాములు. బిడ్డకి మెదడూ వెన్నుపామూ తయారయ్యే గొట్టం నీ లెక్కలో ఆరో వారానికే మూసుకుపోతుంది. నెల తప్పిందని తెలిసి, పంచాంగం చూసి, మంచిరోజు నా దగ్గరికి వచ్చేసరికి ఆ పని అయిపోయుంటుంది. అందుకే అది కడుపు నిలవకముందు నుంచీ వేసుకోవాల్సిన మాత్ర" అంది.

ఇతను కుర్చీలోంచి సగం లేచాడు. "అయితే ఇప్పుడెలాగండీ?"

"నేను రెండు నెలల ముందు నుంచే వేసుకుంటున్నానండీ" అంది భార్య తాపీగా.

ఆ మాట షీటులో ఎక్కడ రాయాలో ఇతనికి తోచలేదు.

డాక్టరమ్మ ఆగలేదు. పన్నెండు వారాల్లోపు పేరు నమోదు చేయించుకుని కార్డు తీసుకోవాలి. హిమోగ్లోబిన్, రక్తం గ్రూపు, షుగరు, థైరాయిడ్, హెచ్ఐవీ, మూత్రం పరీక్షలు చేయించాలి. ఐరన్ మాత్రలు నాలుగో నెల నుంచి. మందుల షాపువాడు ఇచ్చిన నొప్పి మాత్రలూ, ఎవరో చెప్పిన పసరు మందులూ ముట్టుకోకూడదు. ఇద్దరి తిండి ఒక్కరే తినక్కర్లేదు, ఈ మూడు నెలల్లో మామూలు తిండి కడుపులో నిలిస్తే అదే పదివేలు. మంచానికి అతుక్కుపోనక్కర్లేదు, నడవొచ్చు. "రక్తం కనిపించినా, పొత్తికడుపులో ఒక పక్క విపరీతంగా నొప్పొచ్చినా, కళ్ళు తిరిగి పడినా, జ్వరం వచ్చినా, మంచినీళ్ళు కూడా నిలవకుండా వాంతులైనా, యాప్‌ని అడక్కుండా సరాసరి ఇక్కడికి తీసుకురా" అంది. తర్వాత గొంతు మెత్తబరిచి ఆ అమ్మాయితో, "తొలి నెలల్లో గర్భం పోయిందంటే చాలావరకు క్రోమోజోముల్లో తేడా వల్లే. బకెట్ ఎత్తావనో, ఆటో ఎక్కావనో ఎవరేమన్నా మనసులో పెట్టుకోకు" అని చెప్పింది.

చివర్లో ముక్కు ఎగబీల్చింది. "పట్టికలో సిగరెట్ రాశావా బాబూ?"

రాయలేదు. ఫ్రిజ్ మీద చోటు దక్కని దుష్ట పదార్థం అదొక్కటే. వైఫై తరంగాలకి వణికిపోయిన మనిషి రోజూ బాల్కనీలో మూడు తగలేసి, ఆ వాసనతోనే వచ్చి భార్య పక్కన కూర్చుని "ఎలా ఉంది?" అనడిగేవాడు. ఆవిడ సింకు దగ్గరికి పరిగెత్తేది. అది వేవిళ్ళే అని షీటులో రాసుకునేవాడు.

మొగుడు ఇలా కడుపు మోయడం కొత్తేమీ కాదు. భార్యతోపాటు వికారం, నడుంనొప్పి తెచ్చుకునే మగవాళ్ళ గురించి వైద్యులు రాశారు. గోదావరి ప్రాంతపు ఎరుకలవారిలో భార్యకి నొప్పులు మొదలవగానే భర్త ఆమె బట్టలు కట్టుకుని, బొట్టు పెట్టుకుని, చీకటి గదిలో ముసుగుతన్ని పడుకునే ఆచారం ఉండేదని థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణాది కులాల గ్రంథంలో ఉంది. వాళ్ళకి అది పురిటి మైల రోజుల వరకే. మనవాడు మొదటి నెల నుంచే పడుకున్నాడు.

అదే సమయంలో మా పనిమనిషి కోడలికీ నెల తప్పింది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి పేరు రాసుకెళ్ళింది. అంగన్‌వాడీలో ఆరోగ్య లక్ష్మి పథకం కింద భోజనం, గుడ్డు, పాలు. నాలుగో నెల నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రిలో ఉచిత పరీక్షలు. "మరి మీవాడేం చేస్తున్నాడే?" అనడిగాను. "పొద్దున్నే నీళ్ళు పట్టి, అన్నం వండి పోతాడమ్మా. దానికి పోపు వాసన పడటం లేదు" అంది.

ఈ కబురు మూడో అంతస్తుకి ఎలా చేరిందో నేను చెప్పను. వారం తిరక్కుండా వాళ్ళ వంటింట్లోంచి మాడిన పోపు వాసన రావడం మొదలైంది. తలుపులు బిగించుకుని, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకుని మనవాడే వండుతున్నాడు. లేవగానే ఖాళీ కడుపుతో నోట్లో వేసుకోవడానికి మరమరాల డబ్బా రాత్రే ఆమె దిండు పక్కన పెడుతున్నాడు. సిగరెట్ మానేసి ఆ నోటితో లవంగం నములుతున్నాడు. కాఫీ పొడి అటక దిగింది. షీటులో ఇప్పుడు ఎవరు ఏ పూట గిన్నెలు తోమాలో ఉంది. రెండు గడుల్లోనూ అతని పేరే.

ఈ మొగుళ్ళ జాతికి ఒక్కటే లోపం, ఆయుర్దాయం తక్కువ. తొలి కాన్పుతోనే అంతరించిపోతుంది. మా అయిదో అంతస్తాయన మొదటి బిడ్డప్పుడు ఇంతకి రెండింతలు హడావుడి చేసిన ఘనుడు. ఇప్పుడు వాళ్ళావిడ మళ్ళీ నీళ్ళోసుకుంది. మొన్న లిఫ్ట్‌లో కనిపిస్తే "ఎన్నో నెలండీ?" అనడిగాను. ఆయన ఫోనులోంచి తలెత్తకుండా, "మూడో, నాలుగో... ఉండండి, ఆవిణ్ణే అడిగి చెబుతాను" అన్నాడు.